అమ్మ మొక్కిన రాష్ట్రపతి

అరవై ఎనిమిది కిలోల బెల్లం కావాలంటే ఇంట్లో పెళ్లేమో అనుకున్నాడు మదీనాగూడలో మా కిరాణా కొట్టాయన. పెళ్లి కాదు, అది నా బరువు. కొట్టు ముందు బస్తాలు తూచే కాంటా మీద నన్ను నిలబెట్టి, అంకె ఆగేదాకా అమ్మ కదలనివ్వలేదు. చెప్పులు విప్పుతానంటే ఒప్పుకుంది. అంతకు మించి ఏ రాయితీ లేదు.

"ఓ ఐదు కిలోలు తక్కువ కొందామమ్మా. ఎవరు చూడొచ్చిన్రు?" అన్నాను.

"ఆయన జూస్తడు," అంది.

ఆయనంటే దేవుడు కాదు, ఒక మాజీ రాష్ట్రపతి. పేరు రాయను. రాస్తే మా అమ్మ తరఫున ఆయనకు క్షమాపణ కూడా రాయాల్సి ఉంటుంది.

అమ్మ మాదాపూర్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసేది. ఆ అంతస్తు మొత్తం మీద దేవుడి పటం ఒక్కటీ లేదట. మీటింగ్ హాల్లో ఆ రాష్ట్రపతి ఫోటో మాత్రం ఉండేది. రోజూ పొద్దున దాని అద్దం తుడిచేది అమ్మే. నా డిగ్రీ చివరి ఏడాదిలో, అలా తుడుస్తూ తుడుస్తూ ఒకనాడు మొక్కేసుకుంది: బిడ్డకు ఇలాంటి ఆఫీసులో కుర్చీ దొరికితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మా ఇళ్లలో వనదేవతలకు మొక్కే మొక్కు అది. బంగారమంటే బెల్లం, మనిషి ఎంత బరువుంటే అంత. అమ్మవార్లకైతే గద్దెలున్నాయి, జాతర ఉంది. రాష్ట్రపతికి ఎక్కడ ఇస్తారు? ఆ సంగతి అమ్మ ముందుగా ఆలోచించలేదు.

ఉద్యోగం వచ్చింది. మొక్కు మాత్రం తొమ్మిదేళ్లు అలాగే ఉండిపోయింది. నాకు జ్వరమొచ్చినా, ప్రాజెక్టు పోయినా "సారు మొక్కు యాదిజేస్తున్నడు" అనేది అమ్మ. ఒట్టి పిచ్చి అని నేను కసిరేదాన్ని. ఆమెకు మాత్రం నిద్ర పట్టేది కాదు. పోయిన నెల నగరం అవతలి కొసన ఆయన జాతీయ స్మారకం తెరిచారని టీవీలో చూసి, తినే కంచం వదిలేసి లేచింది.

క్యాబ్ డిక్కీ నిండా బెల్లం వేసుకుని వెళ్లాం. దారి పొడుగునా నా భయం ఒక్కటే, అక్కడ మా ఆఫీసు వాళ్లెవరైనా కనబడతారేమోనని. సిగ్గుగా ఉండింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

గేటు దగ్గర గార్డు బస్తా మూతి విప్పించాడు.

"ఏందమ్మా గిది?"

"బంగారం," అంది అమ్మ.

గార్డు ఇంకోసారి తొంగి చూశాడు. "తినేటియి లోపలికి పోనియ్యం. గిది గుడి కాదు."

"గుడి కాదని నాకెర్క లేదా బిడ్డా? మొక్కిన. తీర్చకపోతె నా పానం నిమ్మలముండది."

"రూల్ ఉన్నదమ్మా. నేనేం జేస్త?"

అమ్మ ముఖం చిన్నబోయింది. అప్పటిదాకా ఐదు కిలోలు ఎగ్గొడదామన్న నేనే గార్డుతో గొడవకు దిగాను. తొమ్మిదేళ్లు ఆగిన మనిషిని గేటు దగ్గర ఆపేస్తారా అని నోటికొచ్చినట్టు అరిచాను. అరిస్తే ఒరిగిందేమీ లేదు. బస్తాలు తన గది పక్కన పెట్టుకోనిచ్చాడు, అంతే.

లోపల ఆయన రాసుకున్న బల్ల, పెన్నులు, బహుమతులు ఉన్నాయి. అమ్మ దేన్నీ చూడలేదు. చివరి హాల్లో పెద్ద ఫోటో ఉంది, అద్దం బిగించి. ఒక పనామె స్ప్రే కొట్టి కాగితంతో ఆ అద్దం తుడుస్తోంది. అమ్మ కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు.

"కాగితంతోని చారలు పోవు చెల్లె. తడిబట్ట పెట్టి, ఎంటనే పొడిబట్ట కొట్టాలె."

పనామె చురుగ్గా చూసింది. "అంత తెలిస్తె నువ్వే తుడువరాదు?" అని వెక్కిరింపుగానే తన బకెట్‌లోంచి రెండు గుడ్డలు తీసి చేతికిచ్చింది.

అమ్మ కొంగు దోపుకుని అందుకుంది. ముందు మూలలు, తర్వాత పైనుంచి కిందికి. ఆయన ముఖం దగ్గర చెయ్యి నెమ్మదించింది. "ఆలస్యమైంది సారూ. బంగారం గేటుకాడున్నది. ఏమనుకోకు," అంది మెల్లగా. నా కుర్చీ ఆ చేతుల మీదుగానే వచ్చిందని నాకు ఎప్పుడూ తెలుసు. ఆ చేతులు పని చేస్తుంటే చూడటం మాత్రం అదే మొదటిసారి.

అద్దం మీద ఒక్క చార లేదు. పనామె దగ్గరికొచ్చి చూసి, మెత్తబడి, సంగతేంటని అడిగింది. అమ్మ కథంతా చెప్పింది. ఇద్దరూ కలిసే గేటు దాకా వచ్చారు. అక్కడ బస్తాలు విప్పి అమ్మ గార్డుకు, తోటపని వాళ్లకు, వచ్చేపోయే వాళ్లకు బెల్లం ముద్దలు పంచింది. జాతరలోనూ పంచేదే కదా అంది. గార్డు రెండు ముద్దలు తీసుకున్నాడు.

పనామె ముద్ద నోట్లో వేసుకుని లోపలి వైపు చూసింది. "నాకూ ఒక బిడ్డుందక్కా. ఇంటర్ చదువుతుంది. సారు నా మాట ఇంటడా?"

"రోజూ అద్దం తుడిచేది నువ్వే కద. నీది ఇనకుంటె ఎవరిది ఇంటడు? మొక్కుకో," అంది అమ్మ. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆమె చెవి దగ్గరికి వంగి, నాకు వినబడేలాగే చెప్పింది:

"నౌకరి రాంగనే తీర్చు చెల్లె. నా లెక్క ఆలస్యం చెయ్యకు. కుర్చీల కూసుంటె బరువైతరు."