గోడ మీద ఫొటో కాకముందు

నా చిన్నప్పుడు అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మా ఇంటికి ఎవరైనా భోజనానికి వచ్చారంటే, కంచాలు పెట్టకముందే బేస్‌బాల్ వాదన మొదలయ్యేది. ఆ ఏడాది మా డెట్రాయిట్ జట్టులోకి బంతి విసిరే ఎడమచేతివాటం పిచర్ ఒకడు కొత్తగా వచ్చాడు. పొడుగ్గా, వెదురుబద్దలా ఉండేవాడు. టీవీలో అతను బంతి విసరబోతుంటే నేను సోఫా మీద కూర్చోలేకపోయేదాన్ని. మా అన్నయ్యకు మాత్రం పాతవాళ్లే దేవుళ్లు. స్టేడియం గేటు పక్కన గోడ మీద జట్టులోని గొప్ప పిచర్ల నిలువెత్తు ఫొటోలు ఉండేవి. వాళ్లందరిలోకీ పెద్ద పేరున్న ఆయన మేం పుట్టకముందే ఆట మానేశాడు. ఆయన ఆట ఒక్కటీ చూడకపోయినా, నా పిచర్ పేరెత్తితే చాలు, "ఆయన కాలిగోటికి చాలడు" అనేవాడు అన్నయ్య. బదులు చెప్పడం చేతకాక నాకు ఏడుపొచ్చేది.

మా పెద్దమ్మ డెట్రాయిట్ ఆసుపత్రిలో నర్సు. అమ్మానాన్నల కన్నా చాలా ముందే ఈ దేశం వచ్చింది. వార్డులో రోగులు పెట్టుకున్న రేడియోలు వింటూ ఆట నేర్చుకుందట. తర్వాత డ్యూటీ దిగి తిన్నగా స్టేడియానికి వెళ్లేంత పిచ్చి పట్టింది. మా గొడవ విని విని విసిగిపోయిందో, ముచ్చట పడిందో గాని, ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇద్దరినీ కారెక్కించి ఆటకు తీసుకెళ్లింది. ఆ రోజు బంతి విసిరేది నా పిచరే.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో మొదటిదాంట్లోనే అంతా తలకిందులైంది. బంతి ఒకటి నేలకు కొట్టుకుంది, ఇంకొకటి బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ నెత్తి మీదుగా వెళ్లిపోయింది. అవతలివాళ్లకు ఊరికే పరుగులొచ్చాయి. చుట్టూ జనం "బూ" అని మొదలుపెట్టారు. అన్నయ్య నావైపు తిరిగి, "చూశావా, హి ఈజ్ ఫినిష్డ్" అన్నాడు.

పెద్దమ్మ పల్లీల పొట్లం మా మధ్య పెట్టి, "నేనొక పిచర్ సంగతి చెప్తా, ఎవరో గెస్ చేయండి" అంది. అతను వచ్చిన మొదటి వేసవిలో బంతి అస్సలు చెప్పినమాట వినేది కాదట. ఒకసారి ఈ స్టేడియంలోనే జనం గోల చేసి అతన్ని మైదానంలోంచి పంపించేశారట. తలమీద టవల్ కప్పుకుని ఎవరి మొహమూ చూడకుండా లోపలికి నడిచాడట.

"ఇంకెవరు, వీడే!" అన్నాడు అన్నయ్య మైదానంలోకి చూపిస్తూ.

"కాదురా. బయట గోడ మీద ఉన్నాడే, నీ దేవుడు. ఆయనే."

అన్నయ్య నమ్మలేదు. "నో వే, పెద్దమ్మా!"

"నేనప్పుడు మూడో బేస్ వైపు కూర్చుని చూశాన్రా. అప్పుడాయన ఫొటో కాదు, ఇరవై ఏళ్ల కుర్రాడు."

అన్నయ్య పొట్లంలోంచి ఒక పల్లీ తీసి ఒలిచాడు. తర్వాత, "మరి ఇద్దరిలో ఎవరు బెటర్?" అని అడిగాడు.

"నాకేం తెలుసు? ఆయన ఆట అయిపోయింది, ఇతనిది ఇప్పుడు నడుస్తోంది. ముందు చూడు" అంది పెద్దమ్మ.

చూశాం. రెండో ఇన్నింగ్స్ నుంచి అతని చెయ్యి కుదురుకుంది. బంతి క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడు మా దాకా వినిపించేది. మావాళ్లు మెల్లగా అందుకుని ఒక్క పరుగు ముందుకొచ్చారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఇంకొక్కడిని ఔట్ చేస్తే గెలుపు మనదే అనగా, బేస్‌లన్నీ అవతలివాళ్లతో నిండిపోయాయి; ఒక్క మంచి దెబ్బ తగిలితే ఆట వాళ్లదే. జట్టు మేనేజర్ మైదానంలోకి నడిచి వచ్చాడు. అతన్ని తీసేసి ఇంకో పిచర్‌ని దింపడానికే వస్తున్నాడని నాకు అర్థమైంది. కుర్రాడు అడ్డంగా తల ఊపాడు. ఏం మాట్లాడుకున్నారో గాని మేనేజర్ ఒక్కడే వెనక్కి వెళ్లాడు. ఇందాక గోల చేసిన జనమే ఇప్పుడు లేచి నిలబడ్డారు.

బ్యాటర్ అప్పటికే రెండు బంతులు తప్పాడు, ఇంకొక్కటి తప్పితే ఔట్. అందరూ మెరుపు బంతి కోసం చూస్తుంటే అతను మెల్లగా వంపు తిరిగే బంతి వేశాడు. బ్యాటర్ ముందే ఊపేశాడు, బంతి తర్వాత వచ్చింది. నన్ను ఎవరో గాల్లోకి ఎత్తేశారు. చూస్తే అన్నయ్య! "దట్స్ అవర్ గై!" అని గొంతు చించుకుంటున్నాడు. పెద్దమ్మ పల్లీలన్నీ కిందపోసి ఎగురుతోంది.

ఆ కుర్రాడు గొప్పవాళ్ల వరుసలో చేరలేదు. కొన్నేళ్లకు భుజం దెబ్బతిని ఆట మానేశాడు. అయినా ఆ మధ్యాహ్నం విలువ నాకు ఇసుమంతైనా తగ్గలేదు.

ఇప్పుడు మా జట్టుకి ఇంకో మంచి పిచర్ వచ్చాడు. మా మనవళ్లు ఫోన్లు పట్టుకుని అతన్ని పాతవాళ్లతో పోలుస్తూ పోట్లాడుకుంటారు. నేనూ హుషారుగా ఒక పక్షం చేరతాను. కానీ అతను బంతి చేతిలోకి తీసుకోగానే నా నోరు దానంతటదే మూతపడుతుంది. ఏమవుతుందో ఇంకా ఎవరికీ తెలియదు కదా. ఈ వయసులోనూ నా అరచేతులకు చెమట పడుతుంది.