అవతలి గట్టుకు కొలత

గొలుసక్కకు ఆ పేరు పెట్టింది ఆమె భర్తే. ఆయన దర్జీ. "నా టేపు నడుముల చుట్టూ తిరుగుతుంది, మా ఆవిడ గొలుసు ఊరంతా తిరుగుతుంది" అనేవాడు. సర్వేయరుగా ఆమె భూమి కొలిచే గొలుసు వదిలి స్టీలు టేపు పట్టింది, ఆపైన కాంతితో దూరం చెప్పే యంత్రమూ పట్టింది. పేరు మాత్రం మారలేదు.

ఆ ఏడు వరద వాగు మీది వంతెనను ఊడ్చుకుపోయింది. ఆఫీసులోకి నీళ్లొచ్చి యంత్రం పాడైంది. అవతలి గట్టున ఆమె అక్క నర్సు. అక్కడి ఆసుపత్రిలో మందులు అడుగంటాయి. ఇవతల ఇనుప దూలాలు ఉన్నాయి గానీ ఎంత పొడవుకు కొయ్యాలో వెల్డరుకు తెలియదు.

"నీళ్లు తగ్గాక కొలుద్దామా అక్కా? పొట్టిగా కోశామంటే పనికిరాదు" అన్నాడు వెల్డరు.

"అందాకా జబ్బులు ఆగుతాయా? కొలత నేనిస్తా, నువ్వు సామాను సిద్ధం చేసుకో."

గొలుసక్క తన అక్కకు ఫోన్ చేసింది. "పాత వంతెన ఆనిన రాతి దిమ్మె దగ్గర కర్ర పాతి, ఎర్రగుడ్డ కట్టవే."

"ఎర్రదంటే కొత్త చీరే ఉంది. చింపమంటావా?"

"చింపకు తల్లీ, ముడెయ్యి!"

ఎర్ర చీరకు సరిగ్గా ఎదురుగా ఇవతలి దిమ్మె దగ్గర ఆమె ఒక కర్ర పాతింది. అక్కణ్ణుంచి గట్టు వెంబడే కొంత దూరం కొలిచి రెండోది, మళ్లీ అంతే దూరంలో మూడోది పాతింది. మూడో కర్ర దగ్గర వాగుకు వీపు పెట్టి, తిన్నగా చేలోకి నడిచింది. ఒకచోట వెనక్కి తిరిగి చూస్తే నడిమి కర్ర ఎర్ర చీరను కప్పేసింది. అక్కడ ఆగింది.

"మూడో కర్ర నుంచి ఇక్కడికి ఎంతో, వాగు వెడల్పు అంతే" అంది.

నమ్మకం ఉన్నా, మొదటి కర్రను అలాగే ఉంచి మిగతా రెండూ గట్టు వెంబడే రెండో వైపు పాతి మళ్లీ కొలిచింది. ఈసారి జానెడు ఎక్కువొచ్చింది. వెల్డరు ముఖం వాడిపోయింది. ఆమె మాత్రం కంగారుపడలేదు. ఏటవాలు చేలో టేపు కొస పట్టుకున్న భర్త వైపు చూసింది.

"బట్ట మీద పరిచినట్టు నేలకు ఆనించారా?"

"చేతి అలవాటు, ఏం చేయను?"

"వాలు వెంట కొలిస్తే ఎక్కువే వస్తుంది. పైకెత్తి మట్టంగా పట్టుకోండి."

ఆమె టేపు కొస నుంచి నిలువు చూపే గుండుదారం వేలాడదీసి, నేల మీద గుర్తు పెట్టుకుంటూ కొలిచింది. రెండు లెక్కలూ కలిశాయి.

"ఇక కొయ్యి" అంది. దిమ్మెల మీద ఆనే భాగం కలుపుకుని వెల్డరు కోశాడు.

తాళ్లతో అవతలికి లాగిన దూలాలు దిమ్మెల మీద కుదురుగా కూర్చున్నాయి. పలకలు పరిచీ పరచగానే మందుల పెట్టెలు దాటాయి. అక్క ఎదురొచ్చి చెల్లెలి బుగ్గ గిల్లింది.

మర్నాడు వరద చెరిపేసిన పొలాల హద్దులు తేల్చడానికి గొలుసక్క బయల్దేరింది. భర్త కొట్టుకు తాళం వేసి ఆమె వెంట నడిచాడు.