ఏడుగురికి మొదటి ఆప్షన్

ఆ రోజుల్లో మా పల్నాడు వైపు ఒక ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉందంటే, ఆ పిల్ల ఒక్కతే చదువుతున్నట్టు కాదు, ఇంటిల్లిపాదీ ఇంటర్ చదువుతున్నట్టే లెక్క. నేను ఫస్టియర్‌లో చేరిన రోజునే మా నాన్న కేబుల్ వైరు పీకించి, టీవీని పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చాడు. (ఆ తర్వాత క్రికెట్ ఉన్నప్పుడల్లా దాని యోగక్షేమాలు కనుక్కోవడానికి ఆయనే వెళ్లేవాడు.) బాదం పప్పు తింటే లెక్కలు వస్తాయని అమ్మకు ఎవరు చెప్పారో గానీ, రోజూ నానబెట్టి, తొక్క తీసి నా నోట్లో పెట్టేది. లెక్కల సంగతేమో గానీ నాకు బుగ్గలు మాత్రం వచ్చాయి. నానమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నా ఎదురుగా మంచం వేసుకుని కూర్చుని, "ఏమే, పొద్దుటి నుంచీ అదే పేజీయేనా?" అని అడిగేది. అది నిజంగా అదే పేజీ అయి ఉండేది.

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన పేరుతో ఊళ్లో ఎవరికీ పని పడేది కాదు, అందరూ "మెంబరు" అనేవారు. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచి, ఈసారి సర్పంచ్‌గా నిలబడాలని ఉబలాటపడుతున్న రోజులవి. మిర్చీ పత్తీ పండించేవాడు గానీ, ఆయన చేలో విరగపండేవి మాటలే. ఎవరు ఏమడిగినా "మీకు కాకపోతే ఇంకెవరికి" అనేవాడు. సిమెంటు రోడ్డు ముందు ఏ వీధికి వేయిస్తావంటే "మీ వీధికే" అని ప్రతి వీధిలోనూ చెప్పాడు. రోడ్డు ఏ వీధికీ పడలేదు కాబట్టి ఆయన ఎవరికీ మాట తప్పినట్టు రుజువు లేదు.

నాకేమో ఓడలు కావాలి. వినేవాళ్లకు నవ్వొస్తుందని తెలుసు, మాది బోరు వేస్తే దుమ్ము వచ్చే ఊరు. ఏడో తరగతిలో బడివాళ్లు సాగర్ తీసుకెళ్లి లాంచీ ఎక్కించినప్పుడు, చిన్న మేకు నీళ్లలో వేస్తే మునిగిపోయింది గానీ ఇంత ఇనప లాంచీ ఎందుకు మునగలేదని మాస్టారిని అడిగాను. ఆయన "కూర్చో" అన్నారు. కూర్చున్నాను గానీ ఆ ప్రశ్న కూర్చోలేదు. ఓడలు కట్టడం నేర్పే చదువు ఒకటుందనీ, అది విశాఖపట్నంలో ఉందనీ కనుక్కునేదాకా నన్ను వదల్లేదు. సెకండియర్‌లో ఓ రోజు ధైర్యం చేసి నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆకాశం వంక చూసి, "మనకి ఓడ యాడుందే అమ్మా?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "సరేలే, మొదటి ఆప్షన్ నీ ఓడలదే. నీకు కాకపోతే ఇంకెవరికి" అన్నాడు. ఆ ఆఖరి మాట చెవిన పడగానే నాకు భయం పట్టుకుంది.

ఆప్షన్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చాక మనకు కావలసిన కాలేజీలను ఒకటి, రెండు, మూడు అని వరుసగా కంప్యూటర్లో పెట్టాలి. పైనున్నది దొరికిందంటే కిందవాటి సంగతి ఇక ఎత్తరు. గడువు ముగిసేసరికి ఏ వరుస సేవ్ అయి ఉంటే అదే ఖాయం. అంటే మొత్తం బతుకంతా ఆ మొదటి గడిలోనే ఉంటుంది.

నేను పరీక్షలకు తయారవుతుంటే నాన్న కాలేజీలకు తయారయ్యాడు. బండేసుకుని ఊరూరా తిరిగి కాలేజీలు చూసొచ్చేవాడు. మెస్సులో సాంబారు రుచి చూసేవాడు, ల్యాబుల్లో కుళాయిలు తిప్పేవాడు, గేటు దగ్గర వాచ్‌మన్‌తో అరగంట మాట్లాడేవాడు. (ప్రిన్సిపాల్ అబద్ధం చెప్పొచ్చు గానీ వాచ్‌మన్ చెప్పడని ఆయన సిద్ధాంతం.) చూసినవన్నీ నోటుపుస్తకంలో రాసుకొచ్చేవాడు. "బిల్డింగు బాగుంది. పప్పు నీళ్లు. ఆడపిల్లల హాస్టలుకి గోడ పొట్టి." విశాఖపట్నం పేజీలో మాత్రం "చానా దూరం" అన్న రెండే ముక్కలు ఉండేవి. నేను దాన్ని దూరం గురించిన సమాచారం అనుకున్నాను.

ఈ తిరుగుడు ఊళ్లో తెలిసిపోయింది. ఇక ఇంటికి సలహాదారుల రాక మొదలైంది. పెదనాన్న స్నేహితుడికి గుంటూరు కాలేజీలో వాటా ఉంది. మాచర్ల బాబాయి ఓ కాలేజీ బస్సు నడుపుతాడు, పిల్లను రోజూ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానన్నాడు. మామయ్య, అంటే అమ్మ అన్నయ్య, వినుకొండలో వ్యాపారం చేస్తున్నా ఇల్లూ ఓటూ మా ఊళ్లోనే ఉన్నాయి. ఆయన కొడుకు చదివే కాలేజీకి మించినది లోకంలో లేదు. రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఎరువుల కొట్టు తాత, పాలకేంద్రం అత్త, ఆర్‌ఎంపీ డాక్టరు, తలా ఒక కాలేజీ పట్టుకొచ్చారు. ఒక్కొక్కరి వెనక ఓ ఇరవై ఓట్లు. నాన్న ఒక్కొక్కరినీ గేటుదాకా సాగనంపి, భుజం మీద చెయ్యేసి, "మొదటి ఆప్షన్ మీదే. మీకు కాకపోతే ఇంకెవరికి" అన్నాడు. నన్ను వదిలేస్తే ఏడుగురు.

ఇదేమిటి నాన్నా అని నిలదీస్తే ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. ఓటు ఎవరికేశామో ఎవరికీ తెలియదు కదా, ఇదీ అంతే, పెట్టేది కంప్యూటర్లో, చూసేదెవరు అన్నాడు. ఆ ధీమాతోనే ఉన్నాడు, ర్యాంకులొచ్చి, ఆప్షన్లకు ఆఖరి రోజు ముందు సాయంత్రం పెదనాన్న వచ్చేదాకా. ఆయన చుట్ట వెలిగించి, "రేపు పేటకి నేనూ వస్తా. మన మొదటి ఆప్షన్ మనమే దగ్గరుండి పెట్టిద్దాం" అన్నాడు. ఆయన వెళ్లాడో లేదో బాబాయి ఫోను, ఆ వెంటనే మామయ్యది. నాన్న ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు నరసరావుపేటలో భాయ్ నెట్ సెంటర్ ముందు నామినేషన్ల రోజులా ఉంది. (మెకానిక్ షాపు మానేసి కంప్యూటర్లు పెట్టిన ఆయన్ని ఊరంతా భాయ్ అనే పిలిచేది.) మిషన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానని నాన్న పొద్దున్నే అందరికంటే ముందు లోపలికి వెళ్లాడు. నేనూ అమ్మా బయట బెంచీ మీద కూర్చున్నాం. తిరిగొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. సేవ్ చేసిన వరుసను మళ్లీ మార్చుకోవచ్చనీ, మార్చినప్పుడల్లా ప్రింటు తీసుకోవచ్చనీ భాయ్ చెప్పాడట.

ఇక చూడండి సంబరం. ఒక్కొక్కర్నే లోపలికి పిలవడం, ఆయన కాలేజీని పైకి ఎక్కించడం, సేవ్ కొట్టడం, ప్రింటు తీసి రెండు చేతులా అందించడం. పెదనాన్న ఆ కాయితాన్ని కళ్లకద్దుకున్నాడు. పాలకేంద్రం అత్త నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఒకరు బయటికి రాగానే ఇంకొకరు లోపలికి, ఎవరి కాయితం వాళ్ల జేబులో. మనిషి వెనక మనిషి వస్తుంటే నాకు భయమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడో ప్రింటు మాచర్ల బాబాయిది. అందర్నీ టీ తాగించి సాగనంపేసరికి నాలుగైంది. గడువు అయిదింటికి. "ఇప్పుడు నీ ఓడలు పెట్టుకోవే" అన్నాడు నాన్న, గెలిచి ఊరేగుతున్నవాడిలా.

కంప్యూటర్ ముందు కూర్చుంటే పేజీ లేదు. టీలు తాగుతుండగా దానంతటది మూసుకుపోయింది. మళ్లీ లోపలికి వెళ్లాలంటే నాన్న ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టాలి. భాయ్ ఓటీపీ పంపించాడు. నాన్న జేబులోంచి ఫోను తీశాడు. ఎంతసేపు చూసినా ఏమీ రాదు. తీరా చూస్తే తెర మీద మామయ్య వాళ్ల గేదె ఫొటో, ఫోను ఆయనది. బావా బావా ఒకే రోజు ఒకే కొట్లో ఒకే రకం బటన్ల ఫోన్లు కొనుక్కున్నారు. టేబుల్ మీద పక్కపక్కన పెట్టిన వాటిలో మామయ్య ఒకటి తీసుకుని వినుకొండ బస్సెక్కేశాడు. అప్పటికి సేవ్ అయి ఉన్నది బాబాయి కాలేజీ. నా ర్యాంకుకు అక్కడ కళ్లు మూసుకున్నా సీటు వస్తుంది. వచ్చిందంటే ఓడలు లేవు.

నాన్న బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు వెళ్లి అరగంట అయిందట, రొప్పుతూ వచ్చాడు. చేతిలో మామయ్య ఫోను ఉంది, తన నంబరుకు చేసి అంకె అడిగితే సరిపోతుంది. కానీ అయిపోయిన పనికి మళ్లీ అంకె ఎందుకని మామయ్య అడుగుతాడు. సంగతి బయటపడితే ఏడు కాయితాలూ బయటపడతాయి. నాన్న కుర్చీలో కూలబడి, "బాబాయి కాలేజీ కూడా మంచిదేనే, సాంబారు బాగుంటది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అది ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పటిదాకా మూలన కూర్చున్న అమ్మ లేచింది. "ఓట్లు అయిదేళ్లకోసారి వస్తయ్ లేవయ్యా. ఇది అయిదింటికి మూస్తారంట. ఫోను చెయ్యి" అంది.

నాన్న ఫోను చేశాడు. తొందరలో ఏ మీట నొక్కాడో, మామయ్య గొంతు అందరికీ వినపడింది. ఫోన్లు మారాయని, అంకె చెప్పమని నాన్న అడిగాడు. అయిపోయింది కదా ఎందుకన్నాడు మామయ్య. నాన్న నా వంక చూశాడు.

"నీ కాయితం ఉత్తిది బావా. అందరియ్యీ ఉత్తియ్యే. పిల్లకి ముందే మాటిచ్చా. ఓటెయ్యబాకులే, ఆ అంకె మాత్రం చెప్పు."

అవతల బస్సు హారను మోగింది. తర్వాత మామయ్య నింపాదిగా, "డ్రిల్లు మాస్టారు నా పక్క సీట్లోనే ఉండాడు బావా. ఇందాకటి నుంచీ ఆయన కాయితం, నా కాయితం పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటానే ఉన్నాం. ఫోను పెట్టేయ్" అన్నాడు.

నాన్న ఫోను పెట్టేశాడు. గడియారంలో నాలుగూ నలభై. ఆ మూడు నాలుగు నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు. భాయ్ కూడా ఓటీపీ ఇంకోసారి పంపించి, కళ్లు మూసుకుని ఏదో అనుకుంటున్నాడు. ఫోను మోగింది. మెసేజీ వెతకడానికే మామయ్య పెట్టేయమన్నాడట, ఆయనకు చత్వారం కాబట్టి చదివే పని మాస్టారికి ఇచ్చాడు. ఆయన ముప్పై ఏళ్లు పిల్లల్ని నడిపించిన గొంతుతో, బస్సంతా వినేలా, "ఆరు! రెండు! తొమ్మిది! ఒకటి!" అని ఒక్కో అంకెకూ ఆగి ఆగి చెబుతుంటే, భాయ్ అదే తాళంలో మీటలు కొట్టాడు. పేజీ తెరుచుకుంది. విశాఖపట్నం పైకెక్కింది. నేను సేవ్ నొక్కాక లేచి అమ్మను వాటేసుకుని ఎగిరాను. బాదం పప్పుల బరువంతా ఆమె మీద పడింది పాపం.

వచ్చేటప్పుడు భాయ్ మొత్తం తొమ్మిది ప్రింట్లన్నాడు. ఏడు వాళ్లవి, ఒకటి నాది. తొమ్మిదోది ఎక్కడిదని అడిగితే, "మిషను చూడ్డానికి ఒకటి కొట్టించాలే" అన్నాడు నాన్న. నాకు సీటొచ్చింది. నాన్న సర్పంచ్ అయ్యాడా అంటే, కాలేదు. ఆ ఏడాది మా ఊరు ఆడవాళ్లకు రిజర్వయింది. అమ్మ నిలబడింది, ఎవరికీ ఒక్క మాటా ఇవ్వలేదు, గెలిచింది. అందరికంటే ముందు దండ వేసింది మామయ్యే.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఓడల బొమ్మలు గీసే ఆఫీసులో పనిచేస్తున్నాను. నేను బడిలో ఉండగానే పెళ్లయి వెళ్లిన అక్క ఉంది నాకు, ఆమె కూతురిప్పుడు ఇంటర్ ఫస్టియర్. దాని కోసం నాన్న మళ్లీ బండి తీశాడు, సాంబార్లు రుచి చూస్తున్నాడు. మొన్న ఊరెళ్లినప్పుడు దాని సర్టిఫికెట్లకు పాత కాగితాలు కావాలంటే నాన్న బీరువా వెతికాను. పాస్‌బుక్కు మడతలో ఓ ప్రింటు దొరికింది. నా పేరు, నా ర్యాంకు. మొదటి ఆప్షన్ నరసరావుపేట. రెండోదీ నరసరావుపేటే. తర్వాత చిలకలూరిపేట, తర్వాత గుంటూరు. అందులో మంచి కాలేజీ, చెడ్డ కాలేజీ అన్న వరుసేమీ లేదు. మా ఇంటి నుంచి ఎంత దూరమో ఆ వరుస. అట్టడుగున విశాఖపట్నం. కింద ప్రింటు తీసిన టైము పొద్దున తొమ్మిదిన్నర, అందరికంటే ముందు. మొదటి ఆప్షన్ అడిగినవాళ్లు ఏడుగురు కాదు, ఎనిమిదిమంది. ఆ ఎనిమిదో మనిషి నోరు తెరిచి అడగలేదు, అంతే. దాన్ని ఎలా ఉన్నది అలాగే మడిచి అక్కడే పెట్టేశాను.

ఇంతలో అక్క కూతురు వచ్చింది. దానికి ఆపిల్ తోటల చదువు కావాలట, అది హిమాచల్‌లో ఎక్కడో ఉందట. "నువ్వేమంటావ్ పిన్నీ?" అని అడిగింది.

"నీ ఇష్టమే. నీకు కాకపోతే ఇంకెవరికి" అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఎందుకంటే నా సంచిలో నోటుపుస్తకం ఉంది. దాంట్లో అప్పటికే మూడు విశాఖ కాలేజీల పేర్లు, అక్కడ నేనుండే ఇంటికి ఏది దగ్గరో ఆ వరుసలో, రాసిపెట్టుకుని వచ్చాను.