బండల ఫ్యాక్టరీలో పైథాన్ బోర్లు

ఆ రోజుల్లో కంప్యూటరు చదివినవాడంటే మా గార్లదిన్నె పక్క పల్లెల్లో భలే గౌరవం ఉండేది. టీవీలో బొమ్మ వణికినా, ఫోన్లో పాట ఆగిపోయినా, ఆఖరికి మిక్సీ తిరగకపోయినా నన్నే పిలిచేవాళ్ళు. నేనూ ఏనాడూ తెలియదని చెప్పిన పాపాన పోలేదు. కాస్త తట్టి, వైరు ఊపి, "ఇప్పుడు చూడండి" అనేవాణ్ణి. సగం సార్లు పని చేసేది కూడా. ఆ ధైర్యంతోనే తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరాను. చేరాననడం కూడా కొంచెం ఎక్కువే. "ముందు పని చూస్తా. నచ్చితే ఉంటావు, లేకుంటే నీ దారి నీది" అన్నాడు ఓనరన్న. ఈలోపే మా నాయన నేను పెద్ద ఇంజనీరునైపోయానని ఊరంతా చెప్పుకొచ్చాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఇక కొడుకు సేద్యం చేయడని ఆ ఏడు చేను వేరేవాళ్ళకు గుత్తకు ఇచ్చేశాడు. అంటే ఈ ఉద్యోగం పోతే తిరిగి వెళ్ళడానికి ఊరుంది గానీ, వెళ్ళి చేయడానికి పని లేదు.

పాలిష్ అయిన బండ పొడవూ వెడల్పూ కొడితే మొత్తం ఎన్ని చదరపు అడుగులో చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటి పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశాను. (పైథాన్ అంటే కొండచిలువ అని ఎవరో చెబితే నాయన కొన్నాళ్ళు దిగులుపడ్డాడు.) లెక్క సరిగ్గానే వచ్చేది. కాకపోతే అదంతా నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో నడిచేది. బండలు కొలిచే మామ (ఫ్యాక్టరీలో అందరికీ మామే) దాని ముందు కూర్చోనని భీష్మించుకున్నాడు. "ఏమప్పా ఇది, కరెంటు పోయినట్టుండాది! యాడ నొక్కాల, యాడ చూడాల?" ఓనరన్న కూడా మామ పక్షమే. "బ్యాంకులో ఉండే మాదిరి ఉండాలప్పా. గళ్ళుండాల, బటన్లుండాల, రంగులుండాల. శుక్రవారం పూజకు మాయమ్మ వస్తాది. ఆయమ్మ చేత్తోనే బటన్ నొక్కిస్తా. అప్పుడు చూసి నీ సంగతి చెప్తా. అయితాదా?" అన్నాడు. "అయితాదన్నా" అన్నాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు నడిచేది.

తెర మీద గళ్ళూ బటన్లూ గీసిపెట్టడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట ఒకటి ఉంటుంది, లైబ్రరీ అంటారు. దాన్ని నెట్‌లోంచి దించి మన పైథాన్‌కు జత చేయాలి. వినడానికి ఎంత సులువో! ఆఫీసు కంప్యూటర్లో ఎవరో పెట్టిపోయిన పాత పైథాన్ ఉంది. దానికి జత చేయబోతే, మీది మరీ పాత వెర్షను, దాన్ని మేమెప్పుడో వదిలేశాం అంది లైబ్రరీ. సరే అని అన్నిటికంటే కొత్తది దించాను. మీది మరీ కొత్త వెర్షను, మేమింకా అందాకా రాలేదు అంది. మధ్యలోది ఒకటి చూసి దించితే, ఈ కంప్యూటరుకు అది సరిపడే రకం కాదని తేలింది. నా ఫోన్ నెట్‌తోనే ఇదంతా. బయట బండలు కోసే మిషను ఆన్ చేసినప్పుడల్లా ఆఫీసులో లైటు మసకబారేది, దాంతోపాటు నా ప్రాణమూ. కరెంటు పోతే దించుతున్నది మళ్ళీ మొదటికి వచ్చేది. "ఏమప్పా, అయితాందా?" అని మామ తలుపులోంచి తొంగిచూసినప్పుడల్లా "అయితాంది మామా" అనేవాణ్ణి.

ఇక్కడ మావైపు మనుషుల అలవాటు ఒకటి చెప్పాలి. బోరు వేస్తే నీళ్ళు పడకపోవడం మాకు మామూలే. పడలేదని దాన్ని ఎవరూ పూడ్చరు. నోటి మీద ఒక బండ పెట్టి, కాస్త పక్కకు జరిగి ఇంకోటి వేస్తారు. "పూడ్చగూడదురా, మంచి వానలు పడితే అదే నీళ్ళిస్తాది" అనేవాడు నాయన. మా చేన్లో అలా బండలు పెట్టిన బోర్ల మధ్యే ఆడుకుని పెరిగాను. కాబట్టి పని చేయని పైథాన్‌ను తీసేయాలనే ఆలోచనే నాకు తట్టలేదు. ఒకటి పడకపోతే దాని పక్కనే ఇంకోటి. గురువారం సాయంత్రానికి ఆ కంప్యూటరు అచ్చం మా చేను మాదిరే తయారైంది. అప్పుడు ఆఖరి బోరులో నీళ్ళు పడ్డాయి. లైబ్రరీ దిగిందని తెర మీద రాసొచ్చింది! గళ్ళూ బటన్లతో రాసిపెట్టుకున్న ప్రోగ్రాము ఒకసారి నడిపి చూద్దామనుకునేలోపు కరెంటు పోయింది. లైబ్రరీ దిగాక ఇంకేముందిలే అని బయటికొచ్చి నాయనకు ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే పూజకు వచ్చేయి నాయనా" అన్నాను.

శుక్రవారం నేను పోయేసరికే కంప్యూటరుకు పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండ వేసేశారు. నా ప్రోగ్రామును తెరిచే ఐకాను నొక్కాను. నల్ల తెర ఒకటి తళుక్కున మెరిసి మాయమైంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. ఆ మెరుపులోని అక్షరాలు పట్టి చూస్తే, లైబ్రరీ లేదంటోంది ప్రోగ్రాము; మరోసారి దించబోతే, ఇప్పటికే ఉంది కదా అంటోంది కంప్యూటరు. ఉందని ఒకరు, లేదని ఒకరు! అప్పుడే ఓనరన్న తల్లి వచ్చింది. అందరూ అవ్వ అనేవాళ్ళు. భర్త పోయాక ఒకే ఒక మిషనుతో ఈ ఫ్యాక్టరీని నిలబెట్టిన మనిషి. ఆమె ముందు ఓనరన్నే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆమె వెనకాలే తెల్ల పంచె కట్టుకుని మా నాయన. టెంకాయ కొట్టారు, హారతి ఇచ్చారు. అందరూ నా వైపు తిరిగారు.

"కానీప్పా" అన్నాడు ఓనరన్న.

"ఒక్క నిమిషమన్నా, లోడవుతాండాది" అన్నాను. (ఏమీ లోడవడం లేదు.)

"లోడయ్యేదానికి ఇదేమన్నా లారీనా?" అంది అవ్వ. మామ కిసుక్కున నవ్వాడు. ఓనరన్న నవ్వలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నా మొహం చూసి నాయనకు విషయం అర్థమైనట్టుంది. నన్ను ఆదుకోవాలని అవ్వతో మాటలు మొదలుపెట్టాడు. ఎంచుకున్న విషయం బోర్లు! "ఒగ తూరి ఏమైందంటేమ్మా, కొత్త బోరులో నీళ్ళు పడినాయి. సంబరంగా మోటారు దించినాము. స్విచ్చి వేస్తే గుర్రుమంటాది గానీ చుక్క రాదు. పొద్దంతా దేవునికి మొక్కుకుంటా కూర్చున్యా. సాయంత్రం చూస్తే ఏముండాది? స్టార్టరు వైరు ఇంకా పాత బోరు మోటారుకే ఉండాది! ఎన్నిసార్లు నొక్కినా ఆ ఎండిపోయిందే తిరుగుతాంది." అవ్వ పకపకా నవ్వింది. ఇంత మంది ముందు మా ఇంటి తెలివితేటలు బయటపెట్టాలా అని నేను సిగ్గుతో చచ్చిపోతూ ఉన్నాను. అంతలో నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. లైబ్రరీ దిగింది ఆఖరి పైథాన్‌లో. మరి నేను నొక్కుతున్న ఐకాను? అది ఎప్పటి నుంచో ఉన్న పాత పైథాన్‌కే కట్టి ఉంది!

ఐకానును కొత్తదానికి మార్చి నొక్కాను. నీలం రంగు కిటికీ ఒకటి, తెల్లటి గళ్ళతో, పచ్చటి బటనుతో తెర నిండా తెరుచుకుంది. మామ బండ కొలత చెప్పాడు, పొడవు ఆరు, వెడల్పు నాలుగు. అవ్వ మౌసు మీద వేలు పెట్టి బటన్ నొక్కింది. ఇరవై నాలుగు అని పడింది. "ఇది నాకూ తెలుసు గదప్పా" అంది అవ్వ. ఆమె తెర వైపు ఇంకోసారి చూసి, "రంగు బాగుండాది. పిల్లోన్ని ఉంచుకో" అంది కొడుకుతో. బస్టాండులో నేను జరిగిందంతా చెబితే నాయన అడిగాడు, "మిగిలిన పైథాన్లు తీసేస్తావేంరా?" అని. లేదన్నాను. "తీయొద్దు" అన్నాడు, ఎంతో తెలిసినట్టు.

ఇప్పుడు అనంతపురంలో నా కింద కొంతమంది పని చేస్తున్నారు. కంప్యూటరు శుభ్రంగా పెట్టుకోండి, ఒక పనికి ఒకే వెర్షను, అక్కర్లేనివి తీసేయండి అని రోజూ చెవినిల్లు కట్టుకుని వాళ్ళను పోరుతుంటాను. మొన్న ఆ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, దీంట్లో ఇన్ని పైథాన్లుండాయి, ఏవి తీసేయమంటావు?" అని. అన్నీ తీసేయమని చెప్పబోయాను. "ఉండనీమ్మా, పూడ్చొద్దు" అని వచ్చింది నోట్లోంచి. "ఏందన్నా, ఏం పూడ్చేది?" అంది పాపం. ఏం చెప్పను? పూలదండ వేసిన కంప్యూటరు ముందు చెమటలు కక్కుతూ, లోడవుతాండాదని అబద్ధమాడుతున్న ఆ కుర్రాడు కళ్ళ ముందు నిలబడ్డాడు. వాడి భుజం తట్టి, ముందు వైరు యాడుందో చూసుకోరా అని చెప్పాలనిపించింది.