పనసగింజల సాక్ష్యం

మేడమ్ చనిపోయారని ఫోన్ చేసి చెప్పింది రోడ్డు ఇంజినీరు. ఉదయం పాలు తీసుకుని లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నారట, మళ్లీ లేవలేదట. అలవాటు కొద్దీ మరో ఇద్దరిని అడిగి నిర్ధారించుకున్నాను. ఆ అలవాటు నాకు పత్రికలో అబ్బింది కాదు, ఆమె దగ్గర అబ్బింది.

హోసూరులో మా వీధి చివరి ఇల్లు ఆమెది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, రోడ్లూ ఫ్యాక్టరీలూ కట్టబోయే చోట ఏయే జంతువులు తిరుగుతున్నాయో చూసి నివేదిక రాసే పని పెట్టుకున్నారు. వీధిలో ఆమెకు పేడ టీచరమ్మ అని పేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇల్లు దొరకడం లేదని కొరియర్ వాళ్లు ఫోన్ చేస్తే, ఆ పేరు చెప్పి అడగమనేవారు.

ఒకసారి అంచెట్టి నుంచి వస్తుండగా దారిలో కారు ఆపించి నా టిఫిన్ డబ్బా అడిగారు. ఆకలేస్తోందనుకుని ఇచ్చాను. అందులో ఎలుగుబంటి పెంట వేసి, మూత బిగించి, నా సీటు కిందే పెట్టారు. మర్నాడు డబ్బా తళతళలాడేలా తోమి పంపారు. మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ ఎవరూ ముట్టరు. “నోటితో చెప్పేది తర్వాత విందామప్పా. ముందు వెనక నుంచి వచ్చింది చూద్దాం” అనేవారు.

ఫలానా చోట రాత్రిళ్లు చెట్ల మీద తిరిగే దేవాంగపిల్లి లేదని పేపర్లో వస్తే చాలు, ఆ పేపరు పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చేవారు, రాసింది నేను కాకపోయినా సరే. “కనపడలేదని రాయండప్పా. లేదని రాయాలంటే దాన్నే అడగాల” అని చెప్పి, పేపరు మడిచి నా చేతికే ఇచ్చి వెళ్లేవారు.

ఆమెతో తిరిగిన వాటిలో ఉద్దనపల్లి దాటాక ఉన్న ఒక పల్లె నాకు బాగా గుర్తు. ఆ పక్కగా కొత్త రోడ్డు వస్తోంది. ప్లానులో ఎత్తయిన కట్ట మీద రోడ్డు గీశారు. ఏనుగులు దాటే దారి అదేనని మేడమ్ అనుమానం. కట్ట కింద వాటికి సందు వదలకపోతే అవి ఊరివైపే చిక్కుకుంటాయి. సందు గీయాలంటే ఆధారం కావాలని ఇంజినీరు అడిగాడు. అడగడం న్యాయమే.

మేం వెళ్లేసరికి చేలన్నీ పెళ్లికి ఊడ్చినట్టున్నాయి. అడుగుజాడ ఉండాల్సిన చోటల్లా అప్పుడే దున్నారు. “నా సర్వీసులో ఇంత శుభ్రమైన చేలు చూడలేదు” అన్నారు మేడమ్. ఏనుగు సంగతి ఎవరిని అడిగినా, బొమ్మలో తప్ప చూడలేదన్నట్టు మాట్లాడారు. కారణం తర్వాత తెలిసింది. ఏనుగు పేరు కాగితం మీదికి ఎక్కితే భూములన్నీ అడవిలో కలిపేస్తారని వేప్పనపల్లి నుంచి వచ్చిన ఒక అల్లుడు చెప్పి పోయాడట. అల్లుడి మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

“ఊరోళ్లే లేదంటా ఉండారు గదా మేడమ్, నేనెట్ల గీసేది?” అని ఇంజినీరు జేబులోంచి బండి తాళాలు తీశాడు.

మేడమ్ మునియప్ప అనే రైతు అరుగు మీద తీరిగ్గా కూర్చుని, ఈ ఊళ్లో ఎవరి పనస తియ్యన అని అడిగారు. మునియప్ప వెంటనే కాయ కోసి తెచ్చాడు. ఈ చుట్టుపక్కల తన పనసకు సాటి లేదన్నాడు. గట్టు అవతలి రైతు నారాయణప్ప అప్పటిదాకా నోరు మెదపలేదు. ఈ మాటకు ఆగలేకపోయాడు.

“నీది అంత తియ్యనైతే, అది నీ తోపు దాటుకోని నా చెట్టుకాడికి ఎందుకొచ్చినాది?”

“నీ కంచె మెత్తన గనక వచ్చినాది. కడుపు నిండా తినింది మాత్రం ఈడే. కొమ్మతో సహా ఇరిచినాది.”

మేడమ్ చేతికంటిన పనసజిగురు కొబ్బరినూనెతో తుడుచుకుంటూ, “అదంటే ఏదప్పా, మేకనా?” అన్నారు.

ఇంజినీరు తాళాలు జేబులో పెట్టుకున్నాడు.

ఆమె గెలిచినట్టు నవ్వలేదు. విన్నది రాసుకుంటానని, వద్దంటే ఇప్పుడే చెప్పమని అడిగారు. భూమి పోతుందా అని నారాయణప్ప నేరుగానే అడిగాడు.

“రోడ్డుకు తీసుకున్నది తప్ప పోదు. అధికారులతో ఈ మాట కాగితం మీద రాయించి తెస్తాను, అంతవరకూ మీ మాట నా దగ్గరే ఉంటాది. నేనడిగేది కట్ట కింద సందు. అది లేకుంటే ఆ ఏనుగుసామి అటు పోలేక మీ వాకిట్లో కూర్చుంటాడు. అప్పుడు ఎవరి పనస తియ్యనో మీకే తెలుస్తాది.”

చెప్పినట్టే కాగితం తెచ్చి అరుగు మీద అందరికీ చదివి వినిపించారు. ఆ తర్వాతే మునియప్ప మమ్మల్ని ఎరువుగుంత దగ్గరికి తీసుకెళ్లాడు. ఊరంతా కలిసి ఎత్తిపోసిన ఏనుగు పేడ అందులో ఉంది. మేడమ్ పుల్లతో ఒక ముద్ద విడదీస్తే పనసగింజలు బయటపడ్డాయి. అవి ఎవరి చెట్టువో తేల్చమని మునియప్పా నారాయణప్పా పట్టుబట్టారు. సైన్సు ఇంకా అంత దూరం రాలేదని చెప్పి ఆమె తప్పించుకున్నారు. సందు ప్లానులోకి ఎక్కింది, రోడ్డుతో పాటు కట్టారు కూడా.

ఆమె అంత్యక్రియలయ్యాక ఇంజినీరూ నేనూ ఆ పల్లెవైపు వెళ్లాం. పైన లారీలు పోతున్నాయి. కింద సందులో మునియప్ప, నారాయణప్ప ఒక పేడముద్దకు అటూ ఇటూ గొంతుక్కూర్చుని ఉన్నారు. పచ్చిది, రాత్రిది. గింజలు కనిపిస్తున్నాయి. ఇవి నావంటే నావని వాదన చాలాసేపటిగా నడుస్తున్నట్టుంది.

విషయం చెప్పాను.

“ఈసారన్నా మేడమ్ చెప్తాదనుకున్నాం” అన్నాడు నారాయణప్ప.

ఎత్తి ఎరువుగుంతలో వేస్తారేమో అనుకున్నాను. మునియప్ప నాలుగు రాళ్లు ఏరి తెచ్చి, బండ్లు తొక్కకుండా దాని చుట్టూ పెట్టాడు. నారాయణప్ప తన చేతిలోని పుల్లను పక్కనే ఆనించాడు, వచ్చి తీసుకునేవాళ్లకు అందేలా.