బండి వస్తోందన్నారు

మా గుంటూరు వాళ్లకు చక్రాలున్నదల్లా బండే. రైలూ బండే, బస్సూ బండే, మా తమ్ముడి స్కూటరూ బండే, చివరికి సెంటర్లో పునుగులు వేసేదీ బండే. మా నాయనమ్మ మాత్రం బండి అంటే జట్కా ఒక్కటేననేది, మిగతావన్నీ రేకు డబ్బాలట. ఆవిడ పోయాక ఆ జట్కా ఒక్కసారైనా ఎక్కాలని బుద్ధి పుట్టింది. పర్చూరు అవతల ఒక ఊళ్లో ఇంకా నడుస్తోందని విని, మిరప కోతల రోజుల్లో బయలుదేరాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెలకు వస్తున్నాయి.

గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి, చిలకలూరిపేటలో మారి, పర్చూరు చేరేసరికి పది దాటింది. రెండు బస్సుల ఛార్జీలూ కలిపినా హోటల్ భోజనం ఖర్చుకు మించవు. అక్కణ్ణించి షేర్ ఆటో. దిగేసరికి టీ కొట్టు పక్కన జట్కా ఉండనే ఉంది. తోలే మస్తాన్ నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఆటోలు ఎన్నొచ్చినా మా ఊళ్లో బండి అంటే ఇదేనండి, ఎక్కండి" అన్నాడు. నేను సర్దుకుని కూర్చున్నానో లేదో, టీ కొట్టాయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కేకేశాడు.

"మస్తానూ, చేలో మౌలాబీకి పురుగు ముట్టిందంట. బండి తీసుకురమ్మంటున్నారు."

మా వైపు పాము కరిచిందని నోటితో అనరు, పురుగు ముట్టిందంటారు. మౌలాబీ మస్తాన్ భార్య, ఆ పొద్దున మిరప కోతకు వెళ్లింది. "బండి బయలుదేరిందని చెప్పన్నా" అంటూ మస్తాన్ గుర్రాన్ని అదిలించాడు. నన్ను దిగమనే ధ్యాస కూడా లేదతనికి. నేనొచ్చిన ఆటో పక్కనే ఖాళీగా ఉంది. బండి తెమ్మంటే అతనికి తన బండే.

చేను రెండు మైళ్లకు పైనే. గుర్రం ముసలిది, డొంకదారిలో పరుగెత్తలేకపోయింది. మస్తాన్ కొట్టాడు, బతిమాలాడు, మళ్లీ కొట్టాడు. నాకు చెప్పలేనంత భయం వేసింది.

గట్టు మీద మౌలాబీని పడుకోబెట్టి కూలీలంతా చుట్టూ నిలబడ్డారు. ఆమెకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఆమె తమ్ముడు సుభానీ మాకు ఎదురొచ్చి, గుర్రాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇదా బావా బండి? రైతు తన మోటార్ సైకిల్ మీద తీసుకెళ్తానన్నాడు. బండి అంటే కారనుకుని, పడుకోబెట్టి తీసుకెళ్దామని వద్దన్నాం. ఆయన ఆసుపత్రిలో చెప్పడానికి ముందే వెళ్లిపోయాడు."

"బండి అంటే బండేగా రా" అన్నాడు మస్తాన్.

జట్కాలోనే తారురోడ్డు దాకా తెచ్చి, మిర్చి బస్తాల లారీ ఒకటి ఆపి, ఆమెను ఎక్కించుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు తోలడం రాదు. పగ్గం పట్టుకుని పక్కన నడుస్తుంటే గుర్రమే నన్ను ఊళ్లోకి తెచ్చింది. సాయంత్రం టీ కొట్టుకు సుభానీ ఫోన్ చేశాడు. "బండిలో తీసుకొస్తున్నాం, ఇంటి దగ్గర చెప్పండి" అన్నాడట. ఏ బండని ఎవరూ అడగలేదు.

జట్కా ఎక్కాలన్న నా సరదా అలా తీరింది. మోటార్ సైకిల్ మీద వెళ్లి ఉంటే బతికేదేమో, ఎవరు చెప్పగలరు? మా ఇంట్లో ఎవరైనా బండి వచ్చిందంటే ఇప్పటికీ ఏ బండని అడుగుతాను. ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఆపద వస్తే బండి పంపమని ఫోన్ చెయ్యకండి. ఆటో అనండి, కారు అనండి, పేరు పెట్టి అడగండి.