పిల్లల మీద ప్రయోగాలు చేస్తామని నేను ప్రకటించిన రోజు

ఒక బడిని మూయించాలంటే ప్రభుత్వానికి కమిటీలు కావాలి, ఫైళ్లు కావాలి, ఏళ్లూ పూళ్లూ పడతాయి. నాకు మాత్రం ఒక మైకు, ఒక తెల్లకోటు సరిపోయాయి. ఎల్బీనగర్‌లో ఆ ఘనకార్యాన్ని నేను దాదాపు పూర్తి చేసిన వైనం ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. నన్ను చూడటానికి వచ్చిన పెళ్లివారికి కాఫీ కంటే ముందు ఈ కథే అందింది.

అప్పుడే బీఎడ్ ముగించి ఉద్యోగంలో చేరాను. చేరింది మామూలు బడిలో కాదు, ఒక విశ్వవిద్యాలయం నడిపే లాబొరేటరీ స్కూల్లో. అంటే పాఠం ఇలా చెబితే బాగుంటుందని ప్రొఫెసర్లకు ఏదైనా ఆలోచన వస్తే, అది నిజంగా పనిచేస్తుందో లేదో మా బడిలో చెప్పి చూస్తారు. టీచర్లు కాబోయేవాళ్లు మా తరగతులకు వచ్చి పని నేర్చుకుంటారు. చాలా గొప్ప బడి. ఆ గొప్పతనం మాకు తప్ప ఎవరికీ తెలియదు, అదొక్కటే చిక్కు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల పొడవునా ర్యాంకులు కొట్టిన పిల్లల మొహాలే. మా బడికి ర్యాంకులూ లేవు, మొహాలూ లేవు. వెనక సందులో ఒక పాత గేటు ఉంది, అంతే. ఏటేటా చేరేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ ఏడు ఒకటో తరగతి నిండకపోతే దాన్ని ఎత్తేస్తామని విశ్వవిద్యాలయం వాళ్లు కబురు పెట్టారు. ఈ ఏడు ఒకటో తరగతి లేకపోతే వచ్చే ఏడు రెండో తరగతి ఉండదు. ఆ లెక్క ఎక్కడికి పోయి ఆగుతుందో నాలాంటి మేధావికి కూడా అర్థమైంది.

మా ప్రిన్సిపాల్ అనసూయ మేడం నల్గొండ వైపు మనిషి. నన్ను పిలిచి చెప్పింది.

"మాధవీ, అడ్మిషన్ల మీటింగ్‌ల నువ్వు మాట్లాడాలె. మన బడి ఎట్ల పుట్టింది, ఎందుకు పెట్టిన్రు, గంతే. సాదాగ చెప్పు. ఒచ్చేటోళ్లల్ల ఆటో నడిపేటోళ్లుంటరు, బ్యాంకుల చేసేటోళ్లుంటరు. అందరికి సమజ్ కావాలె."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడం. అదరగొట్టేస్తాను."

"అదరగొట్టకు బిడ్డా. చెప్పు, చాలు."

విన్నానా? కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో నాకు వచ్చిన స్టీలు గ్లాసులతో మా అమ్మ అలమరలో ఒక అర నిండిపోయింది. అలాంటి నన్ను సాదాగా మాట్లాడమంటే, గజ ఈతగాణ్ణి బకెట్లో ఈదమన్నట్టు అనిపించింది. బడి గురించి ఇంగ్లీషులో ఉన్న పుస్తకం ముందేసుకుని, ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి మార్చి, ప్రతి మాటకీ రెండేసి బరువైన విశేషణాలు తగిలించాను. కొత్తపేటలో మా ఇంట్లో అద్దం ముందు నిలబడి చదువుతుంటే నాన్న పేపరు పక్కన పెట్టాడు.

"బాగానే ఉందమ్మా. కానీ వింటుంటే ఎందుకో చెమట పడుతోంది."

"అంత ఉద్వేగం ఉందన్నమాట!" అని మురిసిపోయాను. బుద్ధిమంతులు ఎవరైనా అక్కడే ఆగేవారు. నేను ఇంకో మెట్టు పైకెక్కాను. లాబొరేటరీ అన్నాక జనానికి కళ్లకు కట్టాలి కదా అని కెమిస్ట్రీ టీచరు దగ్గర తెల్లకోటు అడిగి తెచ్చుకున్నాను. అది ఆరడుగుల మనిషి కోటు. నేనేమో మైకు స్టాండును పూర్తిగా కిందికి దించితే తప్ప అందనిదాన్ని. కోటు చేతులు మడిచి మడిచి, అంచు మోకాళ్ల కిందకు వేలాడుతుంటే, ఆపరేషన్ థియేటర్లోంచి తప్పిపోయి వచ్చినదానిలా వేదిక ఎక్కాను.

హాలు నిండింది. మీటింగుకి అంతమంది రావడం మాకు పండగే. మేడం కళ్లలో ఆశ కనిపించింది. నేను గొంతు సవరించుకున్నాను.

"తల్లిదండ్రులారా! ఇది పాఠశాల కాదు. ఇది ప్రయోగశాల! దశాబ్దాలుగా ఈ నాలుగు గోడల మధ్య నిరంతరం ప్రయోగాలు జరుగుతూనే ఉన్నాయి!"

చప్పట్లు రాలేదు. ఆశ్చర్యంలో ఉన్నారనుకున్నాను.

"ప్రతి సంవత్సరం ఒకటో తరగతి పసిపిల్లల మీద సరికొత్త ప్రయోగం మొదలవుతుంది! అదిగో, ఆ గదికి ఒక ప్రత్యేకమైన అద్దం ఉంది. దాని వెనక నుంచి మా నిపుణులు మీ పిల్లల్ని అనుక్షణం గమనిస్తూ ఉంటారు. వాళ్లు గమనిస్తున్నట్టు మీ పిల్లలకు ఎన్నటికీ తెలియదు!"

ముందు వరసలో ఖాకీ చొక్కా వేసుకున్నాయన తన పక్కనున్న పాపను ఒళ్లోకి లాక్కున్నాడు. నేను ఇంకా రెచ్చిపోయాను.

"ఫలించినవాటిని ఇతర పాఠశాలలకు పంపిస్తాం. విఫలమైనవాటిని నిర్దాక్షిణ్యంగా పక్కన పడేస్తాం!"

నా ఉద్దేశం బోధనా పద్ధతుల గురించి, స్వామీ. ఫలించిన పద్ధతులు, విఫలమైన పద్ధతులు. కానీ 'పద్ధతులు' అనే మాట వాక్యం లయను చెడగొడుతోందని ముందురోజే తీసేశాను.

ఖాకీ చొక్కాయన లేచాడు. ఆటో నడుపుతాడు, పేరు ఐలయ్య అని తర్వాత తెలిసింది.

"మేడం, ఏడ పడేస్తరు?"

"ఏమిటండీ?"

"గా ఫెయిలైన పోరలను. ఏడ పడేస్తరు అంటున్న."

"అది... రికార్డుల్లో రాసి పెడతామండీ" అన్నాను, ఆయన్ని ఊరడిద్దామని.

మనవణ్ణి తీసుకొచ్చిన ఒక కోస్తా మామ్మగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో రామా! చేసేదే కాకుండా రాసి కూడా పెడతారటయ్యా!"

"సూదులిస్తరా, గోలీలిస్తరా?" వెనకనించి ఎవరో అరిచారు.

"మీ భయాలన్నీ తీరుస్తాను. అందరూ నాతో ఆ అద్దాల గదిలోకి రండి!" అని మడిచిన చెయ్యి చాచాను. సరిగ్గా అప్పుడే మడత విడిపోయి కోటు చెయ్యి మూరెడు పొడుగున ముందుకు దూకింది. ఐలయ్యగారి పాప కెవ్వుమంది. ఆ కేకతో మొత్తం హాలు లేచింది. కుర్చీలు పడ్డాయి, చెప్పులు మారిపోయాయి. మామ్మగారు మనవణ్ణి చంకనెత్తుకుని, ఆ వయసులో నేను ఊహించని వేగంతో, అందరికంటే ముందు గేటు దాటింది. హాల్లో నేనూ, మేడం, వచ్చినవాళ్లకోసం తెచ్చిన సమోసాలూ మిగిలాం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, జాగ్రత్తగా ఇంటికి రా. మీ స్కూలు పక్కన ఏదో బడి ఉందటగా, అక్కడ పిల్లలకి కరెంటు పెట్టి చూస్తున్నారట. రైతు బజార్లో అందరూ అదే మాట. తెల్లకోటు వేసుకున్న పొట్టి ఆడమనిషి పిల్లల్ని పట్టుకుపోతోందట."

"అమ్మా... అది నేనే."

"ఛ, నువ్వు మరీ అంత పొట్టేం కాదు" అంది అమ్మ.

ఇప్పుడు నవ్వొస్తోంది కానీ, ఆ సాయంత్రం నాకు ఏడుపే వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ బడినే అంటిపెట్టుకుని ఉన్న మనిషి మేడం. ఆవిడ బడిని ఒక్క ఉపన్యాసంతో కూల్చేశాను. గదిలోకి వెళ్లి, "రాజీనామా చేస్తాను మేడం" అన్నాను.

"చెయ్యి. రేపు చెయ్యి. ఇప్పుడైతే నాతోని నడువు."

"ఎక్కడికి?"

"మూసారాంబాగ్. గా ఆటో ఆయన ఇల్లు కనుక్కున్న. ముందుగాల లేసింది గాయనే. గాయనొస్తె అందరొస్తరు."

ఐలయ్య కిరాయికి ఉంటున్న ఇంటి తలుపు ఆయన భార్య స్వరూప తీసింది. నన్ను చూడగానే పాపను లోపలి గదిలోకి తోసి గొళ్లెం పెట్టింది. అంతటి మర్యాద నాకు ఏ గడప దగ్గరా జరగలేదు. మేడం మాత్రం ఏమీ పట్టనట్టు మెట్ల మీద కూర్చుంది.

"ఐలయ్యా, నీకు ఆటో ఎవరు నేర్పిన్రు?"

"మా బామ్మర్ది. ఎందుకు మేడం?"

"సవారీలను ఎక్కించుకొనే నేర్సుకున్నవా?"

"లేదు మేడం. ఖాళీ గ్రౌండ్‌ల. ఆయన పక్కన కూసుంటుండె."

"సార్లు, మేడమ్‌లకు గసుంటి గ్రౌండ్ లేకుండె. పుస్తకాలు సదివి సీదా పిల్లల మీదికి పోతుండె. యూనివర్సిటీ పెద్దసార్లేమో పాఠం ఇట్ల చెప్పాలె, అట్ల చెప్పాలె అని రాసుకుంట కూసుండె. ఒకనాడు వాళ్లల్లనే ఒకాయన అడిగిండట. మనం రాసింది ఏ పిల్లగానికన్న చెప్పి చూసినమా అని. చెప్పి చూసినోళ్లు ఒక్కరు లేరు. గందుకే బడి పెట్టిన్రు. కొత్త టీచర్ పాఠం చెప్తది, అనుభవమున్నోళ్లు అద్దం ఎనక కూసొని చూస్తరు. పిల్లలకు సమజైందా, మంచిది. కాలేదా, తప్పు టీచర్‌ది, పిల్లలది కాదు. గదీ మా బడి కథ."

నేను రాసుకున్న కాగితాలన్నిటిలోనూ ఇంత చరిత్ర, ఇంత ఆశయం లేవు.

ఐలయ్య గడ్డం గోక్కున్నాడు. "అంటే ప్రయోగం పోరల మీద కాదా?"

"కాదు."

"మరి ఎవరి మీద?"

మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇగో, గీమె మీద."

ఐలయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. "నమ్మాల్నంటే నేను చూడాలె" అన్నాడు.

"అద్దం ఎనక నువ్వే కూసో. అందర్ని తోల్కరా."

వచ్చారు. ఐలయ్య ఆటోలోనే మామ్మగారు కూడా దిగింది, మనవణ్ణి మాత్రం ఇంట్లో దాచి వచ్చింది. అద్దం వెనక ఇరుకిరుగ్గా కూర్చున్నారు. ఇవతల నేను, రెండో తరగతి పిల్లలు. ఆ రోజు పాఠం భిన్నాలు, అంటే సగం, పావు. దానికోసం ఒక పెద్ద లడ్డూ తెచ్చాను. చక్కగా కోసి, సగం అంటే ఏమిటో చూపిద్దామని.

"పిల్లలూ, ఇదేంటి?"

"బాలాపూర్ లడ్డూ!" అన్నారు అందరూ. ఏటా వినాయకుడి నిమజ్జనం రోజున వేలంపాటలో లక్షలు పలికే లడ్డూ అది.

"కాదమ్మా, మామూలు లడ్డూ. దీన్ని ఇప్పుడు..."

"పాట పెట్టుండ్రి మేడం! లక్ష!" వెనక బెంచీలోంచి ఒకడు.

"రెండు లక్షలు!"

"వేలం కాదర్రా, పాఠం!"

"కోటి! మేడం, కోటి తర్వాత ఏముంటది?"

"పది కోట్లు..." అని నోరు జారాను. అంతే, లెక్క ఆకాశాన్ని అంటింది. కంగారులో చాకు దింపితే లడ్డూ సగం కాలేదు, పావూ కాలేదు, బల్లంతా బూంది అయింది. చేతికి దొరికిన పెద్ద ముక్క పైకెత్తి, "ఇది సగం!" అన్నాను.

ముందు బెంచీ పిల్ల లేచి నా ముక్కనూ, బల్ల మీద మిగిలినదాన్నీ శ్రద్ధగా చూసింది. "మేడం, గది సగం కాదు. రెండు ఒక్కతీరు ఉంటేనే సగం." ఆపైన నామీద జాలిపడి, "ఏం కాదు మేడం, మళ్ల చేద్దాం" అంది.

అద్దం వెనక నుంచి శబ్దం బయటికి రాకూడదు. వచ్చింది. గోడ అదిరేటట్టు నవ్వుతున్నారు. మామ్మగారి నవ్వు విడిగా, ఈలలా వినపడింది. నేను బూంది చేతులతో నిలబడి, నా బతుకులో ఇదే ఆఖరి పాఠం అనుకున్నాను.

గది తలుపు తెరుచుకుంది. ముందు ఐలయ్య వచ్చాడు, కళ్లు తుడుచుకుంటూ.

"మేడం, మా బిడ్డను చేర్పిస్త" అన్నాడు అనసూయ మేడంతో. "పరేషాన్ అయ్యేది పోరలు కాదని ఇయ్యాల నా కళ్లతోని చూసిన. గని ఒక్క షరతు."

"చెప్పు ఐలయ్యా."

"గీ మేడం మీద ప్రయోగం మాత్రం బంద్ చెయ్యొద్దు. ఇంక జర టైం పడతది."

"మా వాణ్ణీ చేర్చుకోండమ్మా" అంది మామ్మగారు. "పాపం, ఈ పిల్ల ఎప్పటికి బాగుపడుతుందో చూడాలనుంది."

ఆ ఏడు ఒకటో తరగతి నిండింది. తరగతి టీచరుగా మేడం నన్నే వేసింది, తల్లిదండ్రుల కోరిక మీద.

కాబట్టి పాఠక మహాశయులారా, నల్లబల్ల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో లయ కోసం వాక్యంలోంచి అసలు మాటను తీసెయ్యను. సాదాగా చెప్పమంటే సాదాగానే చెబుతాను. ఎవరైనా "మీ బడిలో ఏం చేస్తారండీ?" అని అడిగితే నేను నోరు తెరవను. వినయంగా చెయ్యి చాచి, చెప్పడం తెలిసిన మా మేడంను చూపిస్తాను.